ఇరవై కాపలాల గది

లెక్కల మేడం గారు నా కాగితం తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు, ఒక్క గంట కూర్చోండి మేస్త్రీ గారూ, తీరిగ్గా చూసి చెబుతాను అన్నారు, గంటే కదా అని నేనూ మా ఆవిడా ఈ కాలేజీ వరండాలో బల్ల మీద కూర్చున్నాం, కూర్చోగానే నా కళ్ళు నేల మీదకి పోయాయి. ఎక్కడికెళ్ళినా నాకదే జబ్బు. జనం మొహాలు చూస్తారు, నేను నేల చూస్తాను, అందుకే కొత్తవాళ్ళు నన్ను సిగ్గరి అనుకుంటారు, నోరు విప్పేదాకా. ఈ నేల వేసినవాడెవడో తొందరలో ఉన్నాడు, గది నడిమధ్య నుంచి మొదలుపెట్టాల్సింది గుమ్మం దగ్గర మొదలుపెట్టాడు, అక్కడ స్తంభం మొదట్లో సన్నటి ముక్క ఇరికించాల్సి వచ్చింది పాపం, కింద సిమెంటు కూడా నిండుగా పడలేదు, నా మడమతో రెండుసార్లు తట్టాను, డొల్ల. మూడోసారి తట్టబోతే మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. ఒళ్ళో సంచి పెట్టుకుని బస్సు కోసం ఆగినట్టు కూర్చుంది. లాండ్రీలో పూట సెలవు పెట్టి మరీ వచ్చింది. నా మీద నమ్మకంతో వచ్చిందనుకునేరు, నేను చదువుకున్నవాళ్ళ ముందు ఏం కోస్తానోనని కాపలాకి వచ్చింది. అయినా వచ్చింది కదా, పక్కన కూర్చుంది కదా, ఆ సంచిలో నా మోకాళ్ళ నొప్పికి రాసే మందు కూడా వేసుకొచ్చింది కదా, నాకది చాలు అనుకుందామంటే ఇవాళ మాత్రం చాలడం లేదు.

కోతల మేస్త్రీ అంటారు నన్ను. ఆ పేరు పెట్టింది నాతో పనికొచ్చే మా బావమరిదే. టైళ్ళు కోస్తాను, మిగతావీ కోస్తాను, కాబట్టి పేరులో తప్పేం లేదు. నేనొకసారి వేసిన నేల ఎంత మట్టంగా ఉందంటే, ఆ ఇంటివాళ్ళ గోళీ ఒకటి జారి కింద పడి, ఎటు దొర్లాలో తేల్చుకోలేక అక్కడే ఉండిపోయింది, చివరికి దాని చుట్టూ కుర్చీలు వేసుకున్నారు. ఇంకో ఇంట్లో ఎంత నున్నగా వచ్చిందంటే చీమలు ఒకదాని నడుం ఒకటి పట్టుకుని దాటేవి. వంటగదిలో పిల్లి తన నీడతో పోట్లాడి పోట్లాడి ఆఖరికి రాజీపడి దాన్నే పెళ్ళాడింది. ఇవి అబద్ధాలని నేననను. జరగాల్సినంత జరగలేదు, తక్కువ పడింది నేను కలిపాను, అంతే. పొద్దస్తమానం మోకాళ్ళ మీద పాకే పని మాది, పక్కన పాకేవాడు నవ్వుతుంటే నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. నవ్వుతూ వేసిన నేల గట్టిగా పట్టుకుంటుందని కూడా చెబుతుంటాను, అది కూడా కలిపిందే అనుకోండి. మా ఆవిడకి ఇన్నేళ్ళలో ఒక అలవాటైంది, నేను పది చెబితే తొమ్మిది పక్కన పెట్టి ఒకటి ఉంచుకుంటుంది, కోపం లేదు, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరేస్తుంది. సంసారం దానితోనే నడిచింది. ఈ కాగితంలోని విషయంలో మాత్రం ఆ ఒకటి కూడా ఉంచుకోలేదు. నేను చెప్పిన వాటన్నిటిలోనూ పూర్తిగా నిజమైంది ఇదొక్కటే, చిల్లర కూడా కలపనిది ఇదొక్కటే, కాదు కాదు, కలిపాను, అక్కడే వచ్చింది చిక్కు.

మేడం గారి తలుపు అవతల కాగితం కదిలిన చప్పుడు. రాసింది నేనే, నా రాత చూస్తే ఆవిడ ఏమనుకుంటారో. నా అక్షరాలు సిమెంటు బస్తాల మీద నేర్చుకున్నవి, అందుకే అన్నీ లావుగా, నిలబడి అరుస్తున్నట్టు ఉంటాయి. బడికి నేను వెళ్ళింది మా నాన్నతో కలిసి దానికి నేల వెయ్యడానికే. నాన్న టైళ్ళు పరుస్తుంటే నేను పగిలిన ముక్కల కుప్ప మీద కూర్చుని ముక్కకి ముక్క అతికేవాణ్ణి, ఆ కుప్పే నాకు పలకా బలపమూ. అంకెలు టైళ్ళ అట్టపెట్టెల మీద పరిచయమయ్యాయి, రెండు బై నాలుగు అని రాసి ఉండేది, మధ్యలో ఆ బై అంటే హెచ్చవెయ్యడమని నాకు తెలీదు, రెండు గారు నాలుగు గారి పక్కింట్లో ఉంటున్నారు కాబోలనుకున్నాను. తర్వాత తెలిసింది, ఇరుగుపొరుగులు కలిస్తే నేల అంతా నిండుతుందని. నాన్న నన్ను ఎప్పుడూ తిట్టలేదు, ముక్కలతో ఆడుకుంటుంటే పని చెప్పి లేపలేదు, కాసేపు చూసి, మూల కలవలేదురా, మళ్ళీ చూసుకో అనేవాడు. ఆ ఒక్క మాటకి ఆయనకి నేను దండం పెట్టాలి. మూల కలిసిందా లేదా అన్నది ఆయన మొహం చూసి తెలుసుకునేది కాదు, మూల చూసి తెలుసుకునేది. నాకు లోకంలో ఇష్టమైనదేదో అప్పుడే తెలిసిపోయింది, దాని పేరు లెక్కలని మాత్రం చాలా ఆలస్యంగా ఎవరో చెప్పారు.

ఇలాంటి వరండాలోనే ఒకసారి, ఇంతకన్నా సన్నం, వెడల్పు రెండు గళ్ళే, మన టైలు రెండు గళ్ళంత ఉంటుంది కదా, దాన్ని అడ్డంగా వెయ్యొచ్చు, నిలువుగా జంటగా వెయ్యొచ్చు, మరి ఈ వరండాని ఎన్ని రకాలుగా నింపొచ్చు అని బుర్రలో పడింది. భోజనాల వేళ ముక్కలు పేర్చి చూశాను. ఒక్క గడి పొడుగు వరండాకి ఒకటే రకం, రెండు గళ్ళకి రెండు, మూడింటికి మూడు, నాలుగింటికి నాలుగనుకుంటే అయిదొచ్చింది, అయిదింటికి ఎనిమిది. చివర ఒక టైలు అడ్డంగా పడితే మిగిలింది ఒక గడి తక్కువ వరండా, రెండు నిలువుగా పడితే మిగిలింది రెండు గళ్ళు తక్కువ వరండా, మూడో దారి లేదు, కాబట్టి ఏ వరండా లెక్కయినా దాని ముందున్న రెండింటి లెక్క కలిపితే వచ్చేస్తుంది. అన్నం చల్లారిపోయింది, నాకు తెలీలేదు. ఎవరూ నాకివ్వలేదు, నేనెవరి దగ్గరా లాక్కోలేదు, ఊరికే నేల మీద పడి ఉంది, వంగినవాడికి దొరికింది. ఇంటికి పరిగెత్తి మా ఆవిడకి చెబితే ఆవిడ అంతా విని, సరే, ఈ ఉల్లిపాయలు తరుగు అంది. తరిగాను. కళ్ళనీళ్ళు వచ్చాయి, సగం ఉల్లిపాయలకి, సగం ఆ లెక్కకి, ఎవరికీ తెలీకుండా ఏడవడానికి అంత మంచి వీలు నాకు మళ్ళీ దొరకలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నేల వెయ్యమని పిలిచిన పళ్ళ డాక్టరు గారి గది పన్నెండడుగులకి పన్నెండు. టైలు రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడుగు, అంటే గది ఇటు ఆరు గళ్ళు, అటు ఆరు గళ్ళు, టైళ్ళు పద్దెనిమిది. ఒక్క టైలు కూడా కొయ్యకూడదన్నారు, అదొక షరతు. రెండో షరతు, ఈ గోడ నుంచి ఆ గోడకి ఎక్కడా ఆగకుండా పోయే గీత కనబడకూడదు, ప్రతి జాయింటు గీతకీ మధ్యలో ఎక్కడో ఒక టైలు అడ్డం పడి దాన్ని ఆపాలి. మేమూ అలాగే వేస్తాం, గీత తిన్నగా దొరికితే పగులు దాని వెంట పరిగెడుతుంది. కానీ డాక్టరు గారి భయం వేరు. పన్ను పీకించుకునేవాడు కుర్చీలో వాలే ముందు కిందకే చూస్తాడయ్యా, గీత వెంట వాడి చూపు గుమ్మం దాకా పోతుంది, చూపు వెనకాలే వాడూ పోతాడు అన్నారు. నేను అదెంత పని సార్ అన్నాను. సిమెంటు పొయ్యకుండా పొడిగా పేర్చి చూసుకున్నాను. ఒక గీతని మూస్తే ఇంకోటి తెరుచుకుంది. దాన్ని మూస్తే మొదటిది నవ్వింది. తిప్పాను, మార్చాను, ఈ మూల నుంచి వచ్చాను, ఆ మూల నుంచి వచ్చాను, ఎలా వేసినా ఎక్కడో ఒక గీత చల్లగా గోడ నుంచి గోడకి జారుకునేది. అప్పటిదాకా నా జీవితంలో కుదరదు అన్న మాట నేనెప్పుడూ అనలేదు, చంద్రుడికి టైల్సు వెయ్యమన్నా నిచ్చెన ఎవరు తెస్తారనే అడిగేవాణ్ణి, ఆ గదిలో మొదటిసారి నాకు అనుమానమొచ్చింది, ఇది నా చేతకానితనం కాదేమో, గదే ఒప్పుకోవడం లేదేమో అని.

ఆ ముడి విప్పింది మా ఆవిడ. ఇందాక కాగితం ఇచ్చినప్పుడు మేడం గారు ఒక చోట వేలు పెట్టి, ఈ సరి సంఖ్య సంగతి మీకెలా తట్టింది అనడిగితే, మా ఆవిడ చెప్పిందండీ అన్నాను, తలుపు పడగానే ఈవిడ నా వైపు తిరిగి, "నన్నెందుకయ్యా ఇరికిస్తావు? నేనెప్పుడు చెప్పాను?" అంది, దొంగసొత్తు తన సంచిలో పెట్టినట్టు చూసింది. చెప్పింది. తనకి గుర్తు లేదు. లాండ్రీలో హాస్టలు వాళ్ళ మేజోళ్ళు రెండు తొట్లలో వేసి ఉన్నాయి, జతలు కట్టందే తనని ఇంటికి వదలరు, నేను పని దిగి తన కోసం వెళ్ళి సాయం కూర్చున్నాను. నా తొట్టిలో జతలన్నీ తీశాక ఒంటి మేజోడు ఒకటి మిగిలింది, అయిపోయింది పద అన్నాను. తను తల కూడా ఎత్తలేదు. "ఇంకోటుంటుంది చూడు. తొట్టికి సరి లెక్కనే వేస్తారు. జతలు పోగా ఒంటిది ఒక్కటే మిగలదు, రెండోది అడుగున ఉంటుంది, వాటి తోడు రెండూ అవతలి తొట్టిలో ఉంటాయి" అంది. చెయ్యి పెట్టి చూస్తే ఉంది. తడి మేజోడు పట్టుకుని అలాగే నిలబడిపోయాను, నా మోకాలు పట్టేసిందనుకుని తను మందు వెతికింది. మోకాలు కాదు, గది, బయట మెట్ల మీద కూర్చుని లెక్క కట్టాను. గీతకి ఇటువైపు ఒక తొట్టి, అటువైపు ఒక తొట్టి. ఇటువైపు గళ్ళు ఆరేసి చొప్పున, ఎన్ని వరసలైనా సరి లెక్కే. పూర్తిగా ఇటే ఉన్న టైళ్ళు జతలు, రెండేసి గళ్ళు తినేస్తాయి. గీతకి అడ్డం పడ్డ టైలు ఒంటి మేజోడు, దాని సగం ఇటు, సగం అటు. మరి ఒంటిది ఒక్కటే మిగలదు కదా, కాబట్టి గీతని ఆపాలంటే ఒక్క టైలు చాలదు, కనీసం రెండు కావాలి. కాపలావాళ్ళు జంటగానే వస్తారు. గదిలో గీతలు ఇటు అయిదు, అటు అయిదు, మొత్తం పది. పదికి రెండేసి చొప్పున ఇరవై మంది కాపలా. ఒక టైలు ఒక్క గీతనే కాయగలదు, దానికున్నది ఒక్కటే నడుము. ఉన్న టైళ్ళు పద్దెనిమిది. ఇద్దరు తక్కువ. ఎవరొచ్చి వేసినా, ఎన్నేళ్ళు వేసినా, ఇద్దరు తక్కువే.

ఆ రోజు లాండ్రీ మెట్ల మీద నాకు కలిగినంత సంతోషం ఇంకెవరికైనా కలిగి ఉంటే వాళ్ళని చూడాలని ఉంది. ఆ సంతోషంలోనే నోరు జారింది. మర్నాడు మా ఆవిడ పన్ను చూపించుకోవడానికి వచ్చి నేల పని కోసం ఓ మూలకి జరిపిన కుర్చీలో నోరు తెరుచుకుని ఉంది, బావమరిది పక్క గదిలో ఎక్స్‌రే మిషను పెట్టేచోట నేల శుభ్రం చేస్తున్నాడు, నేను డాక్టరు గారికి చెప్పాను, సార్, ఇది కుదరదు, కుదరదని తేలిపోయింది. ఆయన నవ్వారు, చేతకాకపోతే చేతకాదని చెప్పవయ్యా అన్నారు. అక్కడితో ఆగొచ్చు. ఆగితే నేను నేనెందుకవుతాను, ఈ గదే కాదు సార్, ఏ గదిలోనూ కుదరదు, రాజుగారి కోటలో కూడా కుదరదు, భూమ్మీద ఎక్కడా కుదరదు అన్నాను. ఆ రాజుగారెవరో, ఆయన కోట ఎందుకు లాక్కొచ్చానో నాకే తెలీదు. విన్న బావమరిది చీపురు పక్కన పడేశాడు. తన గదిలో, పదడుగులకి పన్నెండడుగుల గది, అవే టైళ్ళు పదిహేను తెచ్చుకుని పేర్చడం మొదలుపెట్టాడు, వాడికి లెక్కాపత్రం లేదు, మొండితనం ఉంది. అటు తిప్పి ఇటు తిప్పి సాయంత్రానికి పిలిచాడు. "బావా, నీ భూమ్మీద ఎక్కడా కుదరనిది మా గదిలో కుదిరింది, వచ్చి చూసి పో" అన్నాడు. కుదిరింది. ఒక్క గీత కూడా గోడ నుంచి గోడకి పోవడం లేదు. నాతో కలిసి ఇంటికి వెళ్దామని ఆగిన మా ఆవిడ బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, ఒక్కో జాయింటు వెంటా కళ్ళు నడిపించింది, అన్నీ ఆగిపోయాయి, అప్పుడు నా వైపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఏదో ఎప్పటి నుంచో తెలిసిన సంగతే మళ్ళీ తెలిసినట్టు చూసి, పద ఇంటికి అంది.

అప్పటి నుంచి మేడం గారి దాకా రావడమే ఒక ప్రయాణం. వాళ్ళింట్లో వంటగది నేల నేనే వేశాను, ఆ గోళీ కథ విని ఆవిడ ఎంత మట్టమైనా కొంచెం వాలు ఉండాలి కదా మేస్త్రీ గారూ అని నవ్వింది, కాలేజీలో లెక్కలు చెబుతానని కూడా అంది, అది గుర్తు పెట్టుకుని అడిగాను. నా కాగితంలో డాక్టరు గారి గది మాత్రమే రాశాను, రాజుగారి కోట రాయలేదు. రాస్తున్నంతసేపూ నా భయం ఒకటే. ఇన్నేళ్ళు కలిపి కలిపి చెప్పినవాడికి ఏది దొరికిందో ఏది తను కలిపిందో తేడా తెలీకుండా పోతుందేమో, ఆ మేజోళ్ళ లెక్క కూడా పిల్లి పెళ్ళి లాంటిదేనేమో. దానికి నేనొక పరీక్ష పెట్టుకున్నాను, దాన్ని సాగదీసి చూశాను. అబద్ధమైతే ఎంత లాగినా సాగుతుంది, చీమలు నడుములు పట్టుకున్నాయంటే చేతులు పట్టుకున్నాయని కూడా అనొచ్చు, ఎవరూ అడ్డు రారు. ఇది సాగలేదు. ఏ గదిలోనూ కుదరదని ఒక్క జానెడు లాగానో లేదో పక్క గదిలోనే తెగిపోయింది. తెగింది కాబట్టి ఇది నేను అల్లింది కాదు, నా కన్నా గట్టిది అని తృప్తిపడ్డాను. బాగానే ఉంది కానీ.

కానీ. అయిదు గళ్ళకి ఆరు గళ్ళ గదిలో గీతలెన్ని? ఇప్పుడు, ఈ బల్ల మీద కూర్చున్నాక తట్టింది నాకు. ఇటు నాలుగు, అటు అయిదు, తొమ్మిది. తొమ్మిదికి రెండేసి చొప్పున పద్దెనిమిది మంది కాపలా కావాలి. బావమరిది టైళ్ళు పదిహేను. నా లెక్క ప్రకారం వాడి గది కుదరకూడదు. కుదిరింది, నా కళ్ళతో చూశాను, మా ఆవిడ కళ్ళతో కూడా చూశాను. అయితే నా లెక్కే డొల్ల. ఆ తలుపు వెనక ఒక మంచి మనిషి కళ్ళజోడు పెట్టుకుని నా డొల్ల లెక్క చదువుతోంది, కాసేపట్లో బయటికొచ్చి మర్యాదగా చెబుతుంది, ఈవిడ వింటుంది, ఇక మిగిలిన రోజులన్నీ నేను వాన పడుతోందన్నా కిటికీ తీసి చూస్తుంది. కాగితం వెనక్కి తెచ్చేసుకుందామని లేచాను. ఎక్కడికి అంది మా ఆవిడ. కాళ్ళు పట్టేశాయన్నాను. సంచిలో చెయ్యి పెట్టి మందు డబ్బా తీసింది, నేను మళ్ళీ కూర్చున్నాను, ఆ డబ్బా చూశాక ఎలా వెళతాను. కాలేజీ అటెండరు ఒకాయన ఎదురుగా హాల్లో కుర్చీలు వేస్తున్నాడు, ఏదో మీటింగు కాబోలు. వరసకి అయిదు. నాకేం పని లేక, పని లేక కాదు, భయం మర్చిపోవడానికి లెక్కపెట్టాను. ఒక వరస వేశాడు, అయిదు, బేసి. రెండో వరస వేశాడు, పది, సరి. మూడోది, పదిహేను, బేసి. నాలుగోది, ఇరవై, సరి. నేను అంతలా చూస్తుంటే ఆయనకి ఇబ్బందైంది, "ఏం పెద్దాయనా, కుర్చీలు ఎప్పుడూ చూళ్ళేదా?" అన్నాడు. ఇంత మంచివి చూళ్ళేదయ్యా అన్నాను, నిజంగానే అన్నాను.

డాక్టరు గారి గదిలో వరసకి ఆరు, ఎన్ని వరసలు తీసుకున్నా తొట్టి సరి లెక్కే. బావమరిది గదిలో ఒక వైపు నుంచి చూస్తే వరసకి అయిదు. ఒక వరస పక్కన గీత గీస్తే తొట్టిలో అయిదు, బేసి. బేసి తొట్టిలో ఒంటి మేజోడు ఒక్కటే మిగలొచ్చు, తప్పేం లేదు. అంటే ఆ గీతకి ఒక్క కాపలావాడు చాలు. రెండు వరసల దగ్గర జంట కావాలి, మూడు దగ్గర ఒక్కడు, నాలుగు దగ్గర జంట, అయిదు దగ్గర ఒక్కడు. ఒక్కడు చాలిన గీతలు మూడు. జంట కావాల్సినవి ఇటు రెండు, అటు వరసకి ఆరే కాబట్టి నాలుగూ, కలిపి ఆరు, ఆరుకి పన్నెండు మంది. పన్నెండూ మూడూ పదిహేను. టైళ్ళు పదిహేను. నేను మళ్ళీ లెక్కపెట్టాను. పదిహేను. ఒక్కడు ఎక్కువ లేడు, ఒక్కడు తక్కువ లేడు, గదిలో ఉన్న ప్రతి టైలూ ఏదో ఒక గీత ముందు నిలబడి కాపలా కాస్తే తప్ప ఆ గది కుదరదు, ఒక్కటి సోమరిగా పడుకున్నా గీత జారిపోతుంది. ఆ మొండివాడు, నా బావమరిది, లెక్కా లేకుండా, తెలీకుండా, ఒక సాయంత్రంలో పదిహేనింటినీ పదిహేను చోట్ల నిలబెట్టాడు. ఒరే నాయనా, నీ చేతులు చల్లగుండ అనుకున్నాను. నన్ను అబద్ధాలకోరుని చెయ్యడానికి వాడు వేసిన నేల నా లెక్కకి ముద్ర వేసింది. వాడు వెయ్యకపోతే ఈ బేసి సంగతి నాకు ఎప్పటికీ దొరికేది కాదు. డాక్టరు గారి రోగులు పారిపోకుండా ఉండాలన్న భయం లేకపోతే మొదటిదీ దొరికేది కాదు. నాన్న కుప్ప మీద నుంచి లేపి ఉంటే అసలేదీ దొరికేది కాదు. ఎంతమంది ఎత్తి పట్టుకుంటే నిలబడ్డానో నేను, నా అంతట నేనే నేర్చుకున్నానని ఊరంతా చెప్పుకు తిరిగానే, ఆ ఒక్క కోత మాత్రం ఇక కొయ్యకూడదు.

తలుపు తెరుచుకుంది. మేడం గారి మొహం చూశాను, చావుకబురు తెచ్చినవాళ్ళు చెప్పుల దగ్గర నిలబడి మాటలు వెతుక్కుంటారే, అలా ఉంది. చేతిలో నా కాగితంతో పాటు లావుపాటి పుస్తకం ఉంది. మీరు రాసింది ఒప్పు, ప్రతి మెట్టూ ఒప్పు, ఎక్కడా సందు లేదు అని ముందు చెప్పింది. తర్వాత, "మేస్త్రీ గారూ, మీరు బాధపడకూడదు. ఇది చాలాకాలం కిందటే ఎవరో కనుక్కున్నారు. పుస్తకాల్లో ఉంది" అంది. పుస్తకం తెరిచి చూపించింది. నాకు ఆ భాష రాదు కానీ బొమ్మ వచ్చు. డాక్టరు గారి గది. ఆరుకి ఆరు, గళ్ళతో సహా. నేను బొమ్మ మీద చెయ్యి పెట్టి, వాళ్ళకీ ఇరవయ్యే వచ్చిందా మేడం అనడిగాను. ఇరవయ్యే అంది. మరి అయిదుకి ఆరు గదికి పదిహేను రావాలే అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది, అది మీ కాగితంలో లేదే అంది, ఇప్పుడే కుర్చీల్లో దొరికిందండీ అన్నాను, పేజీ తిప్పి చూపించింది, బావమరిది గది కూడా అక్కడే ఉంది, వాడికి తెలిస్తే పట్టలేం.

ఆవిడ నేను ఏడుస్తాననుకుంది. నాకు నవ్వొచ్చింది, లోపల్నించి, పొట్ట పట్టుకునేంత. ఎవరో, ఏ దేశమో, ఏ మొహమో, మోకాళ్ళ మీద పాకకపోయినా ఏ కుర్చీలోనో కూర్చుని, అదే గదిలోకి అడుగుపెట్టారు, అదే పది గీతల్ని తరిమారు, చివరికి అక్కడే ఇద్దరు తక్కువయ్యారని చూసుకుని తృప్తిగా నిట్టూర్చారు. ఆ లాండ్రీ మెట్ల మీద నేను ఒక్కణ్ణే ఉన్నాననుకున్నాను, లేను, నాకన్నా ముందే అక్కడెవరో కూర్చుని కొంచెం జరిగి నాకు చోటిచ్చారు. నేను కలపలేదని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద మనిషి ఎవరొస్తారు నాకు? కొత్తదైతే నా ఒక్కడి మాట. పాతది కాబట్టే లోకం మాట. బంధువు దొరికినట్టుంది మేడం అన్నాను. ఆవిడ నా కాగితాన్ని మాత్రం తిరిగివ్వలేదు, క్లాసులో చూపిస్తాను, ఉంచుకోవచ్చా అంది. మేజోళ్ళతో చెప్పండి, తొందరగా ఎక్కుతుంది అన్నాను.

అప్పటిదాకా బల్ల దగ్గరే నిలబడ్డ మా ఆవిడ ఒక అడుగు ముందుకేసి, నన్ను దాటుకుని నేరుగా ఆవిడనే అడిగింది. "అయితే అమ్మా, ఇది ఈయన కల్పించింది కాదన్నమాట." మేడం గారు తల అడ్డంగా ఊపారు. "కాదమ్మా. ఎవరు వేసినా అంతే. ఎక్కడ వేసినా అంతే." మా ఆవిడ పుస్తకంలో బొమ్మని చూసింది, చాలాసేపు చూసింది, ఆ ఎక్స్‌రే గదిలో ఒక్కో జాయింటు వెంటా కళ్ళు నడిపించినట్టే నడిపించింది. మేడం గారికి దండం పెట్టి నడిచింది, నేను వెనక నడిచాను.

మెట్లు దిగుతుంటే మలుపు దగ్గర ఆగింది. నా మోకాలి కోసం ఆగిందనుకున్నాను. కిటికీలోంచి ఎండ పడుతున్న మెట్టు చూసుకుని, కొంగుతో ఒకసారి దులిపి, కూర్చుంది, పక్కన నాకు చోటు వదిలింది. లాండ్రీకి వేళవుతోంది కదా అన్నాను. అవనీ అంది. "ఏదీ, మొదట్నించి చెప్పు. నేనేం చెప్పానో, నువ్వేం చూశావో, అంతా."

నోరు తెరిచాను. తెరవగానే నా అలవాటు సరుకంతా వచ్చి గుమ్మంలో తోసుకుంది, గది పన్నెండడుగులెందుకు పన్నెండు మైళ్ళని చెప్పు, డాక్టరు ఏంటి ముప్ఫై రెండు పళ్ళ రాక్షసుణ్ణి చెయ్యి, మేజోళ్ళు సముద్రమంత కుమ్మరించు అని. ఇవాళ మీతో పని లేదు, పొండర్రా అని అన్నిటినీ పంపించేశాను. పోతూ పోతూ వెనక్కి చూశాయి పాపం.

"పన్నెండడుగుల గది" అన్నాను.

"ఊఁ" అంది మా ఆవిడ.